పునుగు పిల్లి నుంచి గెయిషా దాకా: అరుదైన కాఫీల్లో ఏది ఎవరికి?

ఓసారి ఒక స్నేహితుడు ప్రయాణం నుంచి వస్తూ చిన్న బంగారు రంగు డబ్బా తెచ్చిచ్చాడు. కోపీ లువాక్. పునుగు పిల్లి తిని విసర్జించిన గింజలతో చేసే ఆ ప్రసిద్ధ కాఫీ. దాచుకుని దాచుకుని ఒక ఆదివారం మూత తీశాను. ఇంట్లో అప్పటికే ఇథియోపియా యిర్గచెఫ్ గింజలు ఉన్నాయి. ధరలో దీని ముందు అవి ఏ మూలకూ రావు. ఒకే నీళ్లు, ఒకే కొలత, ఒకే రకం కప్పులు. దేంట్లో ఏముందో చెప్పకుండా నలుగురికి ఇచ్చాను. నలుగురూ యిర్గచెఫ్ కప్పే మళ్లీ అడిగారు. లువాక్ కప్పు గురించి ఒకాయన మాత్రం మర్యాదగా, "బాగానే ఉందండీ, కానీ ఏం తాగానో గుర్తుండటం లేదు" అన్నాడు.

మరి దానికి అంత ఖరీదు ఎందుకు? అప్పటి నుంచి ఏ అరుదైన కాఫీ కంటపడ్డా ముందు ఇదే అడుగుతున్నాను. ఇది దేనివల్ల అరుదు? జవాబులు నాలుగే తేలాయి. చెట్టు రకమే అరుదు కావచ్చు, గెయిషాలాగా. పండే చోటు చిన్నది కావచ్చు, జమైకా బ్లూ మౌంటెన్‌లాగా. పండులోంచి గింజ తీసి ఆరబెట్టే తీరు ఇంకెక్కడా లేనిది కావచ్చు, మాన్‌సూన్డ్ మలబార్‌లాగా. లేదంటే దాని కథ ఒక్కటే అరుదు కావచ్చు. మొదటి మూడూ కప్పులోకి దిగుతాయి. నాలుగోది డబ్బా మీదే ఆగిపోతుంది. కింద పోల్చినవన్నీ ఈ లెక్కలోనే చూశాను.

ఇంకో చిక్కు కూడా ముందే విప్పుకోవాలి. అరుదైన కాఫీ, స్పెషాల్టీ కాఫీ ఒకటి కావు. అమెరికాలో కాఫీ వ్యాపారం చేసిన ఎర్నా నట్సెన్ 1974లో ఒక వర్తక పత్రికతో మాట్లాడుతూ 'స్పెషాల్టీ కాఫీ' అనే మాట వాడారు. ఒక్కో చోటి వాతావరణాన్ని బట్టి తమకంటూ ఒక రుచి తెచ్చుకున్న గింజలు అని ఆవిడ ఉద్దేశం. తర్వాత దానికి ఒక కొలత వచ్చింది. శిక్షణ పొందినవాళ్లు రుచి చూసి 100కి మార్కులు వేస్తారు, 80 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే స్పెషాల్టీ. పచ్చి గింజలకూ పరీక్ష ఉంది. 350 గ్రాముల్లో పెద్ద లోపం ఒక్కటి కూడా ఉండకూడదు, చిన్నవి ఐదు దాటకూడదు. ఈ లెక్కన ఓడల కొద్దీ పండే కాఫీ కూడా స్పెషాల్టీ కావచ్చు. పిడికెడు మాత్రమే దొరికేది 80కి కిందే ఆగిపోవచ్చు. రోజూ తాగడానికి 84, 85 మార్కుల కాఫీ హాయిగా సరిపోతుంది. 86కీ 88కీ మధ్య తేడా పట్టాలంటే నాలుకకు చాలా సాధన కావాలి. ధరలో తేడా మాత్రం ఏ సాధనా లేకుండానే తెలిసిపోతుంది.

ముందు మీ నాలుక సంగతి

ఏ కాఫీ గొప్పది అని అడిగేవాళ్లను నేను తిరిగి ఒకటే అడుగుతాను: పాలు పోసుకుంటారా? అవునంటే ఇక్కడ చెప్పబోయే పేర్లలో సగం వాళ్లకు అక్కర్లేదు. మల్లెపూల వాసన, పండ్ల పులుపు ఉన్న కాఫీలను లేత రంగులో వేయిస్తారు. పాలు పడగానే ఆ సువాసనలు మాయమై పలచటి పుల్లటి నీళ్లు మిగులుతాయి. పాలను తట్టుకోవాలంటే చిక్కదనం, చేదు, మట్టివాసన లాంటి బరువైన గుణాలు కావాలి.

రెండోది పులుపు. లేత రోస్ట్ మొదటిసారి తాగినప్పుడు చాలామంది "పాడైపోయిందా?" అంటారు. పాడైన కాఫీ పులుపు నాలుకను గీరుతుంది, తాగాక కూడా వదలదు. మంచి గింజ పులుపు బత్తాయి తొన తిన్నట్టు నోట్లో నీళ్లూరించి, వెంటనే తీపిలోకి తిరుగుతుంది. ఆ తేడా మీకు నచ్చితే ప్రపంచంలోని ఖరీదైన కాఫీల్లో చాలాభాగం మీ కోసమే. నచ్చకపోతే తప్పేం లేదు, దారి వేరు, అంతే.

గెయిషానా, ఇథియోపియానా?

నేను ఎక్కువసేపు నిలబడేది ఇక్కడే. అరుదైన కాఫీ కొనాలని బయల్దేరినవాళ్లకు నిజంగా తేల్చుకోవాల్సిన ఎంపిక ఇదే అనిపిస్తుంది.

గెయిషా పుట్టిల్లు ఇథియోపియా నైరుతి మూలనున్న గెషా ప్రాంతం. 1930ల్లో అక్కడి అడవుల నుంచి విత్తనాలు సేకరించి తూర్పు ఆఫ్రికాలోని పరిశోధన కేంద్రాలకు పంపారు. టాంజానియా మీదుగా అది 1953లో కోస్టారికాలోని కాటీ అనే పరిశోధన సంస్థకు చేరింది. ఆకుమచ్చ తెగులును తట్టుకుంటుందన్న ఆశతో 1960ల్లో పనామా రైతులకు మొక్కలు ఇచ్చారు. రుచి గురించి అప్పుడెవరూ ఆలోచించలేదు. కొమ్మలు పెళుసు, కాపు తక్కువ. రైతులు విసుక్కుని తోటల్లో ఎక్కడో ఒక మూలకు వదిలేశారు. దశాబ్దాల తర్వాత బొకెటే దగ్గర హసియెండా లా ఎస్మెరాల్డా తోట నడిపే పీటర్సన్ కుటుంబం ఒక పని చేసింది. ఏ మడి పంటను ఆ మడిగా విడిగా ఉంచి రుచి చూసింది. ఎత్తున ఉన్న ఒక మడి కాఫీ మిగతావాటితో ఏ పోలికా లేకుండా ఉంది. 2004లో పనామా పోటీకి పంపితే అది మొదటి స్థానం గెలిచి, వేలంలో పౌను (సుమారు 450 గ్రాములు) 21 డాలర్లకు అమ్ముడై అప్పటి రికార్డులన్నీ బద్దలు కొట్టింది. 2019లో అదే వేలంలో ఎలీడా తోట గెయిషా పౌను 1,029 డాలర్లు పలికింది. 2025లో ఎస్మెరాల్డా గెయిషా కిలో 30,204 డాలర్లకు పోయింది.

ఈ అంకెలు చూసి బెదిరిపోకండి, మురిసిపోకండి కూడా. అవి వేలానికని ప్రత్యేకంగా ఎంచిన కొద్ది కిలోల మాట. అదే తోట నుంచి, పక్క తోటల నుంచి మామూలు గెయిషా కూడా వస్తుంది. కొలంబియా, కోస్టారికా లాంటి దేశాల్లోనూ ఇప్పుడు ఆ చెట్టు పెంచుతున్నారు. చిక్కు కూడా అక్కడే ఉంది. గెయిషా పేరు చెట్టు రకానికే గాని నాణ్యతకు హామీ కాదు. తక్కువ ఎత్తులో, హడావుడిగా ఆరబెట్టిన గెయిషా తాగాను. వాసన లీలగా ఉంది, మిగతాదంతా పలచటి టీ నీళ్లే. బాగా పండిన పనామా గెయిషా అయితే కప్పు మూతి దగ్గరికి రాకముందే మల్లెలు పలకరిస్తాయి. తర్వాత బెర్గమాట్ అనే నారింజ జాతి పండు తొక్క, పండిన పీచ్, చివర్లో తేనె. చల్లారే కొద్దీ ఇంకా బాగుంటుంది. చాలా కాఫీలు చల్లారితే పారబోస్తాం, దీన్ని చల్లారేదాకా ఆగి తాగాలి.

ఇక అసలు ప్రశ్న. ఆ మల్లె, ఆ బెర్గమాట్ చాలా తక్కువ ధరకు ఇంకెక్కడైనా దొరుకుతాయా? దొరుకుతాయి, ఆ విత్తనం బయల్దేరిన దేశంలోనే. కడిగి ఆరబెట్టిన యిర్గచెఫ్‌లో, అక్కడిదే మరో ప్రాంతమైన గుజి కాఫీలో అదే కుటుంబపు సువాసన ఉంటుంది. గెయిషా అంత స్పష్టంగా, అంత పొడుగ్గా సాగకపోవచ్చు. నా లెక్కలో గెయిషా ఇచ్చే ఆనందంలో ముప్పాతిక భాగం మంచి ఇథియోపియా గింజ ఇస్తుంది. అందుకే ఎవరడిగినా ముందు ఇథియోపియా అంటాను. పది పన్నెండు కప్పులు తాగాక, ఆ పూల వాసన ఇంకొంచెం తేటగా ఉంటే ఎంత బాగుండు అని మీకే అనిపించిన రోజున గెయిషా కొనండి. ముందే కొంటే ఏం చూసుకోవాలో తెలియకుండానే తాగేస్తారు.

ఇథియోపియా ప్యాకెట్ మీద చెట్టు రకం దగ్గర తరచుగా 'హెయిర్‌లూమ్' అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. అక్కడి అడవుల్లో, పెరళ్లలో వేల రకాలున్నాయి, విడదీసి చెప్పడం కష్టం మరి. కొన్నిటి మీద 74110, 74112 లాంటి అంకెలు కనిపిస్తాయి. మొదటి రెండు అంకెలు 1974ను సూచిస్తాయి. కాయ తెగులును తట్టుకునే చెట్లను జిమ్మా పరిశోధన కేంద్రం ఆ ఏడాది ఎంపిక చేసింది. అంకెలు రాసి ఉన్న ప్యాకెట్ అంటే అమ్మేవాడు కాస్త శ్రద్ధగా వివరాలు రాబట్టాడన్నమాట. రెండూ ఒకే ధరకు ఉంటే నేను అదే తీసుకుంటాను.

కడిగి ఆరబెట్టినదా, పండుతోనే ఎండబెట్టినదా అన్నది కూడా చూడాలి. మొదటిదాన్ని వాష్డ్ అంటారు. గుజ్జు తీసి కడిగి ఆరబెడతారు కాబట్టి రుచి తేటగా, పూల వైపు ఉంటుంది. రెండోది నేచురల్. పండు ఎండే కొద్దీ గుజ్జులోని తీపి, పులియడంలో వచ్చే గుణం గింజకు అంటుకుని స్ట్రాబెర్రీ, నేరేడు, ఒక్కోసారి వైన్ ఛాయలు వస్తాయి. మొదటిసారి అయితే వాష్డ్. 'కాఫీలో ఇలాంటి రుచా!' అని ఇంటికొచ్చినవాళ్లను ఆశ్చర్యపరచాలంటే నేచురల్.

కెన్యా గురించి రెండు ముక్కలు. పూలు వద్దు, పదునైన పులుపు కావాలంటే ప్రపంచంలో దానికి సాటి లేదు. 1930ల్లో స్కాట్ ప్రయోగశాలలు ఎంపిక చేసిన ఎస్‌ఎల్ 28, ఎస్‌ఎల్ 34 రకాలు బ్లాక్‌కరెంట్ పండును, టమాటాను గుర్తుకు తెస్తాయి. ప్యాకెట్ మీద ఏఏ అని ఉంటే అది గింజ సైజు మాత్రమే. పెద్ద గింజ అంటే మంచి గింజ అని అర్థం కాదు. తనకంటే రుచిగా ఉన్న, కాస్త చిన్న గింజల ఏబీని తక్కువ ధరకు పక్కన పెట్టుకుని ఏఏ దర్జాగా కూర్చోవడం చాలాసార్లు చూశాను.

బ్లూ మౌంటెన్, కోనా: పేరుకు ఎంత, రుచికి ఎంత

జమైకాలోకి 1728లో కాఫీ మొక్కను తెచ్చింది అక్కడి మాజీ గవర్నర్ నికొలస్ లాస్. ఇవాళ బ్లూ మౌంటెన్ అని అమ్మాలంటే చట్టం గుర్తించిన కొద్ది జిల్లాల్లో, సుమారు 3,000 నుంచి 5,500 అడుగుల ఎత్తులో పండాలి. ఎగుమతి గింజలను చెక్క పీపాల్లో నింపడం దాని గుర్తు. దశాబ్దాలుగా పంటలో సింహభాగం జపాన్ కొనుక్కుంటూ వచ్చింది. మిగతా ప్రపంచానికి మిగిలేది కొంచెమే, తుపాను వచ్చిన ఏడాది అదీ ఉండదు. రుచి ఎలా ఉంటుందంటే, ఏదీ హెచ్చు కాదు, ఏదీ తగ్గు కాదు. మెత్తగా, తీయగా, చేదు దాదాపు లేకుండా గొంతు దిగుతుంది. గెయిషా తాగిన నోటితో తాగితే "ఇంతేనా?" అనిపిస్తుంది. పులుపు అంటే పడనివాళ్లు, చేదంటే ముఖం ముడుచుకునేవాళ్లు తాగితే ఇంతకంటే సుఖమైన కాఫీ లేదంటారు. పెద్దవాళ్లకు కానుకగా ఇవ్వాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను. ఎవరికీ నచ్చకపోవడమంటూ ఉండదు.

కోనా కూడా దీనికి దగ్గర బంధువే. హవాయి పెద్ద దీవిలో హువలాలై, మౌనా లోవా అగ్నిపర్వతాల వాలుల మీద పండుతుంది. 1828లో శామ్యూల్ రగుల్స్ అనే మిషనరీ అక్కడ మొదట నాటాడు. పొద్దున ఎండ, మధ్యాహ్నం మబ్బు, లావా రాళ్ల నేల. ఇంత అనువైన చోటు దొరకడం కష్టమే. బ్లూ మౌంటెన్ కంటే కొంచెం చురుకు, వేయించిన గింజల కమ్మదనం, బ్రౌన్ షుగర్ తీపి. అమెరికా కూలి రేట్లతో పండించే కాఫీ కాబట్టి ధరలో ఆ రేట్ల వాటా చాలా ఉంటుంది. అంటే మీరు ఇచ్చే డబ్బంతా రుచికి ఇస్తున్నది కాదు. తెలిసి ఇస్తే పేచీ లేదు.

రెండింటిలోనూ మోసం ఎక్కువ. కోనా విషయంలో 'కోనా బ్లెండ్' అనే మాట చూడగానే ఆగండి. హవాయి చట్టం ప్రకారం చాలాకాలంగా పది శాతం కోనా ఉంటే ఆ పేరు పెట్టుకోవచ్చు. మిగతా తొంభై శాతం ఎక్కడిదైనా కావచ్చు. 2024లో చేసిన కొత్త చట్టం ప్రకారం 2027 జూలై నుంచి కనీసం 51 శాతం ఉండాలి. 1990ల్లో అయితే మధ్య అమెరికా గింజలను కోనా సంచుల్లో పోసి ఏళ్ల తరబడి అమ్మిన ఉదంతమే బయటపడింది. కాబట్టి 'నూరు శాతం' అని స్పష్టంగా ఉన్నదే కొనండి, తోట పేరు ఉంటే ఇంకా మంచిది. 'బ్లూ మౌంటెన్ స్టైల్' అన్నా 'బ్లూ మౌంటెన్ ఫ్లేవర్' అన్నా అక్కడే పెట్టేసి వచ్చేయండి.

సెయింట్ హెలెనా దీవి కాఫీ మూడో చుట్టం. 1733 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ యెమెన్ నుంచి విత్తనాలు తెచ్చి ఆ దీవిలో నాటించింది. అక్కడ ఖైదులో ఉన్న నెపోలియన్ ఆ కాఫీని మెచ్చుకున్నాడని చెప్పుకుంటారు. పంట చాలా తక్కువ, అట్లాంటిక్ మధ్య నుంచి రవాణా మహా కష్టం. రుచి తేటగా, నిమ్మజాతి పులుపుతో బాగానే ఉంటుంది. కానీ ఆ ధరలో సగం ఓడ టికెట్టే అనిపిస్తుంది. చరిత్ర అంటే పిచ్చి ఉంటే తప్ప దాని వెంట పడకండి.

పాలు వదలనివాళ్లకు

సుమత్రా మాండెలింగ్, మాన్‌సూన్డ్ మలబార్. రెండింటినీ అరుదైన వాటి జాబితాల్లో అంతగా చూడం. నిజానికి ప్రపంచంలో వీటిలా తయారయ్యే కాఫీలు ఇంకెక్కడా దాదాపు లేవు.

సుమత్రాలో ఎప్పుడూ గాలిలో తేమే. గింజ పూర్తిగా ఎండేదాకా ఆగితే బూజు పడుతుంది. అందుకని సగం ఎండగానే, ఇంకా మెత్తగా ఉండగానే పైపొర ఒలిచి, వట్టి గింజను ఆరబెడతారు. దాన్ని గిలింగ్ బసా అంటారు. మిగతాచోట్ల తేమ పదకొండు, పన్నెండు శాతానికి దిగాకే ఆ పని చేస్తారు. ఫలితంగా గింజ నీలిపచ్చగా మారుతుంది, కాఫీ చిక్కగా, వానలో తడిసిన మట్టిలా, దేవదారు చెక్కలా, మసాలా దినుసుల ఘాటుతో ఉంటుంది. పులుపు పేరుకు మాత్రమే.

మాన్‌సూన్డ్ మలబార్‌ది ఇంకో వింత. తెరచాప ఓడల రోజుల్లో భారత పడమటి తీరం నుంచి ఆఫ్రికా చుట్టి యూరప్ చేరడానికి నెలలు పట్టేది. సముద్రపు తేమకు గింజలు ఉబ్బి, పచ్చదనం పోయి గడ్డి రంగుకు తిరిగేవి. యూరప్‌లో జనం ఆ రుచికే అలవాటుపడ్డారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది, ఆ దారిన ఆవిరి ఓడలు తిరగడం మొదలైంది. గింజలు త్వరగా, పచ్చగా చేరేసరికి కొన్నవాళ్లు 'ఇది మా కాఫీ కాదు' అన్నారట. దాంతో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రుతుపవనాల గాలి సోకేలా గోదాముల్లో గింజలు పరిచి, తిరగేస్తూ అదే మార్పు తెప్పించడం మొదలుపెట్టారు. పులుపు దాదాపు పోతుంది, ధాన్యపు వాసన, చాక్లెట్, మసాలా ఘాటు మిగులుతాయి. ఎస్ప్రెసో మీద నురగ దట్టంగా కట్టాలంటే ఇది మహా నమ్మకస్తురాలు.

చిక్కదనంతో పాటు అడవి గుణం కావాలంటే సుమత్రా. పాలు, పంచదారతో మెత్తగా కలిసిపోవాలంటే మలబార్. రోజూ రెండు కప్పులు పాలతో తాగేవాళ్లు గెయిషాకు పెట్టే డబ్బుతో వీటిలో ఏదో ఒకటి నెలల తరబడి తాగొచ్చు, దానికంటే తృప్తిగా కూడా.

యెమెన్ మాట

పెద్ద ఎత్తున కాఫీ వర్తకం మొదలైంది యెమెన్‌లో. మోఖా రేవు పేరే తర్వాత చాక్లెట్ కలిపిన పానీయానికి అంటుకుంది. ఆ రేవు కాఫీలో చాక్లెట్ కలిపేవారని కాదు సుమా. కొండల మీద మెట్ల పొలాలు, నీటి కరువు, పండుతోనే ఇంటి మిద్దెల మీద ఎండబెట్టడం. అన్నీ కలిసి ఎండుద్రాక్ష, ఖర్జూరం, దాల్చిన చెక్క, కొంచెం వైన్. శుభ్రమైన రుచి కాదు, సంచికీ సంచికీ తేడా వస్తుంది. ఒకసారి అద్భుతంగా ఉన్నది మరోసారి తోలులా ఉంటుంది. యుద్ధం, నీటి కొరత, రైతులు ఉత్తేజం కోసం నమిలే ఖాత్ ఆకు సాగు వైపు మొగ్గడం వల్ల మంచి సరుకు దొరకడమే కష్టం. హరాజ్, బనీ మతర్ లాంటి ప్రాంతం పేరుతో అమ్మితే కొనండి. వట్టి 'మోకా' అని ఉంటే వదిలేయండి. అదే రుచి కాస్త మొరటుగా, చాలా చవగ్గా కావాలంటే ఎర్ర సముద్రానికి అవతల ఇథియోపియా హరార్ నేచురల్ ఉంది.

జంతువుల కడుపు మీదుగా వచ్చేవి

మళ్లీ ఆ బంగారు డబ్బా దగ్గరికి. పునుగు పిల్లి రాత్రిపూట ఒంటరిగా తిరుగుతుంది, పండ్లు, పురుగులు, చిన్న ప్రాణులు అన్నీ తింటుంది. అడవిలో అది పండిన కాయలనే ఏరుకుని తింటుందనీ, కడుపులోని రసాలు గింజలోని ప్రొటీన్లను కొంత విరుస్తాయనీ చెబుతారు. చేదు కొంత తగ్గొచ్చు కూడా. దాంతోపాటు పులుపు, సువాసన కూడా తగ్గుతాయి, నా అతిథికి గుర్తుండకపోవడానికి కారణం అదే అనుకుంటాను. అసలు దారుణం ఇంకొకటి. గిరాకీ పెరగగానే పిల్లులను పట్టి ఇరుకు బోనుల్లో పెట్టి కాఫీ పండ్లే మేపడం మొదలైంది. ఏరుకుని తినే ఎంపికే లేనప్పుడు ఈ కాఫీ గొప్పగా చెప్పుకునే ఒక్క గుణం కూడా పోయింది. 1991లో ఈ కాఫీని బ్రిటన్‌కు మొదట తెచ్చిన టోనీ వైల్డ్ అనే వ్యాపారే 2013లో దీన్ని కొనొద్దని ప్రచారానికి దిగాడు. 'అడవిలో సేకరించినది' అని రాసుంటే నమ్మొచ్చా? దాన్ని తేల్చి చెప్పే తేలికైన పరీక్ష కొనేవాడి చేతిలో లేదు. అందుకే నా సలహా సూటిగా, కొనకండి.

థాయిలాండ్ బ్లాక్ ఐవరీది ఏనుగుల కథ. కిలో కాఫీ రావాలంటే సుమారు 33 కిలోల పండ్లు పడతాయని తయారీదారులే చెబుతారు. చాలా గింజలు ఏనుగు నమిలేస్తుంది, కొన్ని గడ్డిలో పోతాయి. బ్రెజిల్‌లో ఎస్పిరితో సాంతో రాష్ట్రంలోని కమోసిం తోటలో జాకూ అనే అడవి కోడి లాంటి పక్షి పండ్లు తిని వేసిన గింజలు ఏరతారు. ఒకప్పుడు పంట తినేస్తున్నాయని ఆ పక్షుల మీద కోపం, ఇప్పుడు అవే కూలి అడగని కోతగాళ్లు. పక్షి స్వేచ్ఛగానే ఉంటుంది, దాని పొట్టలోంచి గింజ చాలా త్వరగా బయటికి వచ్చేస్తుంది కాబట్టి రుచి కూడా పెద్దగా పోదు. ఈ వర్గంలో ఒక్కటే తాగాలని పట్టుబడితే జాకూ తాగండి.

నిద్ర పోగొట్టుకోకుండా

కెఫీన్ తగ్గించాలి, కానీ డీకాఫ్ (కెఫీన్ తీసేసిన కాఫీ) రుచి నచ్చదు అనేవాళ్లకు రెండు అరుదైన దారులున్నాయి. లారీనా రకానికి బూర్బన్ పాయింటూ అని ఇంకో పేరు. రీయూనియన్ దీవిలో బూర్బన్ అనే అరాబికా రకం చెట్టులో సహజంగా వచ్చిన మార్పు. గింజ మొనదేరి ఉంటుంది, కెఫీన్ మామూలు అరాబికాలో సుమారు సగం. తేలిక, తీపి, చేదు తక్కువ. రెండోది యూజినియోయిడెస్. ఇది అసలు వేరే జాతి, అరాబికాకు కన్నతల్లి లాంటిది. ఇదీ రోబస్టా కలిసి పుట్టిందే అరాబికా. 2021లో మిలాన్‌లో జరిగిన ప్రపంచ బరిస్టా (కాఫీ తయారీదారుల) పోటీ గెలిచిన డియెగో కాంపోస్ దీన్నే వాడాడు. పులుపు దాదాపు లేని వింత తీపి, మొదటి గుక్కకు ముచ్చటేస్తుంది. రెండో కప్పు నేను పూర్తి చేయలేకపోయాను. లారీనా అయితే రాత్రి భోజనం తర్వాత ఏడాదంతా తాగగలను.

సియెరా లియోన్‌లో 2018లో మళ్లీ కనిపించిన స్టెనోఫిల్లా జాతి గురించి ఉత్సాహపడేవాళ్లున్నారు. వేడిని అరాబికా కంటే బాగా తట్టుకుంటుంది, రుచి అరాబికాకు దగ్గరగా ఉందని 2021లో పరిశోధకులు ప్రకటించారు. సంతలో కొనే స్థాయికి ఇంకా రాలేదు, పేరు గుర్తుంచుకుంటే చాలు. లిబెరికా ఫిలిప్పీన్స్‌లో బరాకో పేరుతో, మలేసియాలో కూడా దొరుకుతుంది. పనసపండు వాసన కొట్టే కాఫీ కావాలంటే అదే.

ట్యాంకుల్లో పులియబెట్టినవి

ఈ మధ్య ప్యాకెట్ల మీద ఎనరోబిక్, కార్బానిక్ మాసరేషన్ అనే మాటలు ఎక్కువయ్యాయి. వైన్ తయారీ నుంచి తెచ్చుకున్న పద్ధతి. 2015లో ప్రపంచ బరిస్టా పోటీ గెలిచిన సాషా సెస్టిచ్ దీన్ని వాడాక మోజు పెరిగింది. గాలి తగలని ట్యాంకుల్లో పండ్లను పులియబెడతారు. బాగా చేస్తే లీచీ, దాల్చిన చెక్క, గులాబీ. కుదరకపోతే చూయింగ్ గమ్. పులియబెట్టేటప్పుడు పండ్లు, మసాలాలు కూడా వేసే తోటలున్నాయి. అది దాచకుండా చెబితే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ రుచి ఏ నేలదో, ఏ చెట్టుదో కప్పులో తెలియదు. గెయిషా ధర పెట్టి ఎనరోబిక్ గెయిషా కొనడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. మల్లెపూలు కొని అత్తరు చల్లినట్టే కదా!

కొనేముందు, కాచేముందు

ప్యాకెట్ మీద నేను చూసే మొదటి విషయం రోస్ట్ తేదీ. 'ఫలానా తేదీలోగా వాడండి' అని మాత్రమే ఉంటే ఎంత గొప్ప పేరున్నా కొనను. తర్వాత దేశం, ప్రాంతం, తోట లేదా సహకార సంఘం, ఎత్తు, చెట్టు రకం, ఆరబెట్టిన పద్ధతి. వీటిలో నాలుగైనా ఉండాలి. దేశం పేరు, బంగారు అక్షరాలు, జంతువు బొమ్మ మాత్రమే ఉన్నవి కానుకల బీరువాలోకి పనికొస్తాయి. పొడి చేసినది మాత్రం వద్దే వద్దు. గింజలో నెల రోజులు దాగి ఉన్న సువాసన పొడి చేసిన కాసేపటికే చాలావరకు ఎగిరిపోతుంది. మర ఆడించుకునే చిన్న గ్రైండర్ లేకుండా అరుదైన కాఫీ కొనడం అనవసరం. ఉన్న డబ్బుతో ముందు గ్రైండర్ కొనండి, అదీ బ్లేడ్లది కాకుండా, రెండు పళ్ల చక్రాల మధ్య నలిపే బర్ రకం.

లేత రోస్ట్ అయితే వేయించిన రోజునే తాగొద్దు. పది రోజులు, రెండు వారాలు ఆగితే రుచి విచ్చుకుంటుంది. ఎక్కువ ఉంటే చిన్న చిన్న పొట్లాలుగా గాలి చొరకుండా కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి, తీసిన పొట్లం మళ్లీ లోపల పెట్టకండి. నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. లవణాలన్నీ తీసేసిన నీళ్లతో గెయిషా కూడా చప్పగా ఉంటుంది, మరీ గట్టి నీళ్లయితే పులుపును మింగేస్తాయి. లీటరుకు 150 మిల్లీగ్రాముల దరిదాపుల్లో లవణాలున్న నీళ్లు బాగుంటాయి. 15 గ్రాముల పొడికి 240 మిల్లీలీటర్ల నీళ్లు, వేడి 92 నుంచి 96 డిగ్రీలు. ఇది మొదలుపెట్టడానికి. పుల్లగా, పలచగా అనిపిస్తే పొడి ఇంకాస్త సన్నగా చేయండి. చేదుగా, నాలుక ఎండినట్టుంటే కాస్త బరకగా.

మూడు ప్యాకెట్లకే డబ్బుందంటే నేనిలా తీసుకుంటాను: ఒక వాష్డ్ యిర్గచెఫ్, ఒక కెన్యా, ఒక సుమత్రా. మూడూ ఒకే పూట పక్కపక్కన కాచి, పేర్లు దాచి తాగితే మీ నాలుక ఎటు మొగ్గుతుందో ఆ పూటే తెలిసిపోతుంది. యిర్గచెఫ్ వైపైతే తర్వాతి మెట్టు గెయిషా. సుమత్రా వైపైతే మాన్‌సూన్డ్ మలబార్, ఆపైన యెమెన్. మూడింటిలో ఏదీ నచ్చక, మెత్తటిదేదైనా ఉంటే బాగుండు అనిపిస్తే బ్లూ మౌంటెన్. గెయిషా దగ్గరికి వచ్చేసరికి 100 గ్రాములు చాలు, ఆరు కప్పులవుతాయి. అందులో మొదటి రెండు కప్పులు గ్రైండ్ కుదుర్చుకోవడానికే పోతాయి కాబట్టి, అంతకుముందు వారమంతా అదే కొలతలతో యిర్గచెఫ్ మీద చెయ్యి తిప్పుకోండి.